పూచీ సంతకం పెట్టే ముందు

చిట్టితల్లీ,

నీ స్నేహితురాలి అప్పుకి నువ్వు పూచీ ఉంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ సంతకానికి విలువ కట్టే రోజు వచ్చిందని గర్వంగా అనిపించింది, వెంటనే భయమూ వేసింది. ఉన్న ఒక్క పెన్సిలూ పక్కపిల్లకిచ్చి ఊరుకునేదానివి. ఆ చెయ్యే ఇప్పుడు కాగితం మీదకి వెళుతోంది.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం వద్దు. ప్రతి పేజీకీ నకలు తీసుకో.

పూచీ అంటే సాక్షి సంతకం కాదమ్మా. సంతకం పెట్టడం చూశానని చెప్పడంతో సాక్షి పని తీరిపోతుంది. పూచీదారు అయితే ఆమె కట్టకపోతే నేను కడతానని మాటిస్తున్నట్టు. సగం కాదు, మొత్తం. ముందు ఆమె ఆస్తి మీదికి వెళ్లి ఆ తర్వాతే నీ దగ్గరికి రావాలన్న నియమం చాలా పత్రాల్లో ఉండదు. నెలనెలా జీతం పడేది ఎవరికైతే వాళ్లనే ముందు పట్టుకుంటారు.

5 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకో. నెలకి 11,122 కట్టాలి. ఏడాదంతా తప్పకుండా కడితే చేతి నుంచి పోయేది 1,33,467, అసలులో తగ్గేది 77,645 మాత్రమే. మొదటి ఏడాది వాయిదాల్లో నూటికి నలభైకి పైగా వడ్డీకే పోతుంది. ఏడాది తర్వాత ఆమె ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఆపేసిందనుకో, జరిమానాలు కలపకుండానే బాకీ 4,39,000 దాటుతుంది. "ఏడాది కట్టేసింది కదా, ఇంకెంతుంటుంది" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇక పూచీదారులు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒకటుంది, నా భయమంతా దాని గురించే. పూచీ మొత్తం ఎంతవరకో హద్దు రాయించుకోరు. పత్రంలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, చాలాసార్లు రెండో పేజీ అడుగున: "ఇప్పటి బకాయిలకు, ఇకముందు ఏర్పడే బకాయిలన్నిటికీ". ఆ కామా తర్వాతి మూడు మాటలు చూడు. ఈ అప్పు తీరినా నీ పూచీ తీరదు. రెండేళ్ల తర్వాత ఆమె అదే చోట ఇంకో అప్పు తీసుకుంటే దానికీ నువ్వే పూచీ. నీకు కబురు కూడా రాకపోవచ్చు. గడువు పెంచినా, వడ్డీ మార్చినా నీ అనుమతి అక్కర్లేదని ఇంకో వాక్యం ఉండొచ్చు. స్నేహం చెడినా, ఆమె ఊరు మారినా, నువ్వు పెళ్లి చేసుకుని వేరే బాధ్యతల్లో ఉన్నా సంతకం అలాగే ఉంటుంది. ఆ మూడు మాటలూ కొట్టేయించు. పక్కన "ఈ ఒక్క అప్పుకే, ఇంత మొత్తం వరకే, ఈ తేదీ వరకే" అని రాయించి, అప్పిచ్చేవాళ్ల సంతకం పెట్టించు, నువ్వూ పెట్టు. నోటిమాటగా "అదేం ఉండదులెండి" అంటే ఒప్పుకోకు. ఆ మాటలు కొట్టెయ్యం అని వాళ్లంటే లేచి వచ్చెయ్.

వాయిదా తప్పిన వారంలోనే నీకు లిఖితపూర్వకంగా తెలపాలని కూడా రాయించు. నెల ఆలస్యమైనప్పుడు తెలిస్తే సర్దొచ్చు, ఆరు నెలల తర్వాత తెలిస్తే మునిగిపోతావు. ఇంకొకటి, రేపు నువ్వు ఇంటికి అప్పు అడిగితే ఈ పూచీని కూడా నీ భారంగానే లెక్కేసే అవకాశం ఉంది.

ఆమెని సూటిగా అడుగు: ఉద్యోగం పోతే ఎన్ని నెలలు కట్టగలవు? జీతాలు ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియని రోజుల్లో ఈ ప్రశ్న అవమానం కాదు. మొహమాటంతో అడగలేకపోతే సంతకం కూడా పెట్టకు. కాదనడం నీకు కష్టమని నాకు తెలుసు. "పూచీ ఉండలేను, మూడు వాయిదాల డబ్బు నా తరఫున ఇస్తాను, తిరిగివ్వక్కర్లేదు" అని చెప్పు. పోయినా నీ ఇల్లు కదలనంత డబ్బే ఇవ్వు. స్నేహం పోతుందేమోనని కుమిలిపోకు తల్లీ, నీ మనసు మెత్తదని తెలిసే చెబుతున్నాను.

సంతకం ఎప్పుడో చెప్పు. ఆ పత్రం ఫోటోలు తీసి ముందురోజే పంపు. రెండో పేజీ అడుగుభాగం మసక లేకుండా పడాలి. ఇద్దరం ఫోన్‌లో కలిసి చదువుదాం.

మీ పెదనాన్న