రియోహా రెడ్ వైన్, గోంగూర మటన్: ఎందుకు పడలేదు?

ప్రశ్న: ఉద్యోగరీత్యా మాడ్రిడ్‌లో ఉంటున్నాను. బాగుంటుందని ఆఫీసులో అందరూ చెబితే రియోహా రిసేర్వా అనే స్పెయిన్ రెడ్ వైన్ సీసా ఒకటి కొన్నాను. ఇంట్లో గోంగూర మటన్ వండుకుని దాంతో పాటు తాగితే నోరు మండిపోయింది, వైన్ ఒకటే వగరు, చేదు. సీసా పాడైందా, నాకు తాగడం తెలియలేదా? దీన్ని ఎలా రుచి చూడాలి, ఏం తింటూ తాగాలి?
– ఒక పాఠకుడు, మాడ్రిడ్

జవాబు: సీసాకి ఏమీ కాలేదండీ. పాడైన వైన్ వాసనలోనే దొరికిపోతుంది, తడిసిన అట్టముక్క వాసనో, వెనిగర్ ఘాటో వస్తుంది. మీ ఇబ్బంది అంతా పక్కన పెట్టుకున్న కూరతోనే. రెడ్ వైన్‌లో వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, కొంత ఓక్ పీపా నుంచి వస్తుంది. దాన్ని టానిన్ అంటారు. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటుంది కాబట్టి నోరు ఎండినట్టు అవుతుంది. దానికి మిరపకారం తోడైతే, 14 శాతం దాకా ఉండే ఆల్కహాల్ ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది, పండు రుచి అణిగిపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. పైగా గోంగూర పులుపు ముందు వైన్‌లో ఉన్న కొద్దిపాటి పులుపు తేలిపోయి, తాగేది చప్పగా అనిపిస్తుంది. గోంగూర మటన్ నాకూ ప్రాణమే, కానీ ఈ రెండింటినీ కలపకండి.

అసలు ఈ వైన్ తయారయ్యే ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో వాళ్లు ఏం తింటారో చూస్తే సగం జవాబు అక్కడే ఉంది. ద్రాక్ష తీగలు కత్తిరించాక మిగిలిన ఎండు పుల్లలు మండించి, ఆ నిప్పుల మీద లేత గొర్రెపిల్ల చాప్స్ కాలుస్తారు, వేసేది ఉప్పు మాత్రమే. ఆ కొవ్వు, ఉప్పు వైన్ వగరును మెత్తబరుస్తాయి, వైన్ ఆ కొవ్వు జిడ్డును నోట్లోంచి తీసేస్తుంది, మళ్లీ ఇంకో ముక్క తినాలనిపిస్తుంది. చోరీసో (స్పెయిన్ పంది మాంసం సాసేజ్) వేసి వండే బంగాళాదుంపల కూర కూడా ఇలాగే కుదురుతుంది, అందులో రంగు ఎక్కువ, కారం తక్కువ. రియోహాలోని లోగ్రోన్యో నగరానికి వెళ్తే కాయే లౌరెల్ వీధిలో వెల్లుల్లి నూనెలో కాల్చిన పుట్టగొడుగుల మీద చిన్న రొయ్య గుచ్చి ఇస్తారు, ఒక గ్లాసు క్రియాన్సాతో (రిసేర్వా కంటే తక్కువ కాలం నిల్వ ఉంచిన రియోహా వైన్) తప్పకుండా తినండి.

ఇక రుచి చూడటం. ముందు వైన్ వేడి తగ్గించాలి. గది ఉష్ణోగ్రతలో తాగాలనే మాట మాడ్రిడ్ వేసవికి అస్సలు పనికిరాదు, 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి, అందుకే ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి. తెల్ల కాగితం మీదకి వంచి చూస్తే, వయసు పెరిగిన వైన్ అంచుల్లో ఇటుక రంగు కనిపిస్తుంది. కదపకుండా ఒకసారి, గ్లాసు తిప్పి ఇంకోసారి వాసన చూడండి. రియోహా రెడ్ వైన్‌లో ఎక్కువగా వాడే టెంప్రనీయో ద్రాక్షలో చెర్రీ, ఎండిన అత్తిపండు లాంటి వాసనలు, అమెరికన్ ఓక్ పీపాల నుంచి వచ్చే వనిల్లా, కొబ్బరి వాసన ఉంటాయి. చిన్న గుక్క తీసుకుని మింగేయకుండా కాసేపు నోట్లో ఉంచండి, వగరు చిగుళ్ల మీద ఎక్కడ పడుతోందో గమనించండి, తర్వాత ఒక ముక్క మాంసం తిని మళ్లీ తాగండి. తేడా మీకే తెలుస్తుంది.

మన వంటే కావాలంటే మిరపకారం పక్కనపెట్టి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లితో మటన్ వేపుడు చేయండి, చింతపండు, టమాటా వద్దు. గోంగూర మటన్ తినే రోజున మాత్రం గర్నాచా ద్రాక్షతో చేసే నవార్రా (రియోహా పక్క ప్రాంతం) రోసే, అంటే గులాబీ రంగు వైన్, బాగా చల్లబరిచి తాగండి, అందులో టానిన్ చాలా తక్కువ.

ప్రశ్న: గ్రాన్ రిసేర్వా ధర ఎక్కువ కదా, అదే మంచిదా?
– ఒక పాఠకురాలు, డబ్లిన్

జవాబు: ధర చూసి కొనకండి. రియోహా రెడ్ వైన్‌లో ఆ పేర్లు ఎంతకాలం నిల్వ ఉంచారో చెబుతాయి. క్రియాన్సాకి కనీసం 2 ఏళ్లు, రిసేర్వాకి 3, ఈ రెండింటిలోనూ కనీసం ఒక ఏడాది పీపాలో గడవాలి. గ్రాన్ రిసేర్వాకి 5 ఏళ్లు, అందులో 2 పీపాలో, 2 సీసాలో. ఆ 225 లీటర్ల పీపా ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చిన పద్ధతి, 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలోక్సెరా పురుగు తినేశాక అక్కడి వ్యాపారులు వైన్ కోసం రియోహాలోని ఆరో (Haro) అనే పట్టణానికి వచ్చారు. ఎక్కువ కాలం ఉంచిన వైన్‌లో పండు రుచి తగ్గి తోలు, పొగాకు వాసనలు పెరుగుతాయి, అవి కొత్తగా తాగేవాళ్లకి తరచూ నచ్చవు. మీరు క్రియాన్సాతో మొదలుపెట్టండి, సీసా వెనక ఎర్ర స్టిక్కర్ ఉంటుంది. గ్రాన్ రిసేర్వాకి నీలం.