క్లాసు అర్థమవుతోంది, లెక్క మాత్రం రావట్లేదు: సమాధానం

మిమ్మల్ని ఆపుతున్నది బహుశా మోల్ (డజను లాగే, అణువులను లెక్కపెట్టే కొలత). ఇంటర్‌లో ఎంఈసీ చదివి అమెరికాలో న్యూట్రిషన్‌లో చేరానని, జనరల్ కెమిస్ట్రీ లెక్కలన్నీ తప్పుతున్నాయని రాశారు కదా. ఈ వరసలో వెళ్లండి.

1. మొదటి 20 మూలకాల సంకేతాలు, సంయోజకతలు (ఒక పరమాణువు ఎన్ని బంధాలు ఏర్పరచగలదో చెప్పే అంకెలు) బట్టీ పట్టండి. వేరే దారి లేదు.

2. సమీకరణాలు తుల్యం చేయడం, అంటే రెండు వైపులా ప్రతి మూలకం పరమాణువుల సంఖ్య సమానం చేయడం. రోజుకు పది చాలు.

3. చాలామంది తప్పేది ఇక్కడే. సమీకరణంలో ముందుండే అంకెలు మోల్స్‌ని చెబుతాయి, గ్రాములను కాదు.

2H₂ + O₂ → 2H₂O

8 గ్రాముల హైడ్రోజన్ మండటానికి ఎంత ఆక్సిజన్ కావాలి? 2:1 చూసి 4 గ్రాములు అనేస్తారు (నేనూ అనేవాణ్ణి). ముందు మోల్స్‌లోకి మార్చండి:
8 ÷ 2 = 4 మోల్స్ హైడ్రోజన్ (ఒక మోల్ H₂ అంటే 2 గ్రాములు).
దానికి సగం, 2 మోల్స్ ఆక్సిజన్.
2 × 32 = 64 గ్రాములు (ఒక మోల్ O₂ అంటే 32 గ్రాములు).

గ్రాములు → మోల్స్ → నిష్పత్తి → గ్రాములు. ప్రతి లెక్కలోనూ ఈ నాలుగూ కాగితం మీద రాయండి, మనసులో చేయొద్దు. ఇలా ముప్పై లెక్కలు చేశాకే ముందుకెళ్లండి.

4. అభ్యాసానికి ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి కెమిస్ట్రీ మొదటి చాప్టర్ చాలు, వాళ్ల సైట్‌లో ఉచితం.

పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, క్షారమో చెప్పే కొలత) దగ్గర లాగరిథమ్స్ వస్తాయి. ఎంఈసీలో మ్యాథ్స్ చేశారు కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు.