బరువు తగ్గాక తొలి లాంగ్ ట్రయాథ్లాన్: రేసు దాకా డైటింగ్ వద్దు

ప్రశ్న: నా వయసు 43. రెండేళ్ల క్రితం 114 కిలోలు ఉండేవాణ్ని. తిండి తగ్గించి, నడక, సైక్లింగ్ మొదలుపెట్టి ఇప్పుడు 82 కిలోలకు వచ్చాను. చిన్న ట్రయాథ్లాన్ ఒకటి పూర్తి చేశాక ధైర్యం వచ్చింది. ఏడు నెలల్లో జరిగే లాంగ్ డిస్టెన్స్ రేసుకు (1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైక్లింగ్, 21.1 కిలోమీటర్ల పరుగు) పేరు ఇచ్చాను. ఆలోపు ఇంకో ఆరేడు కిలోలు తగ్గాలనుకుంటున్నాను. రోజుకు సుమారు 2,200 కేలరీలు తింటాను. నెల రోజులుగా నీరసంగా ఉంటోంది, నిద్ర సరిగా పట్టడం లేదు, ఊరికే చలేస్తోంది. సైకిల్ దిగి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. బీపీకి నాలుగేళ్లుగా టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. మోకాలి నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వాడతాను. నేను ఈ రేసు చేయొచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: చేయొచ్చు. ఏడు నెలల సమయం సరిపోతుంది. 32 కిలోలు తగ్గించిన క్రమశిక్షణ మీకు ఎలాగూ ఉంది. కానీ మీరు రాసిన లక్షణాలు చూస్తే, ఆ క్రమశిక్షణే ఇప్పుడు మిమ్మల్ని వెనక్కి లాగుతోందని అనిపిస్తోంది. తక్కువ తినడం వల్ల బరువు తగ్గారు. అదే తిండితో ఆరేడు గంటల రేసుకు తయారవ్వాలంటే శరీరం ఒప్పుకోదు. కాబట్టి ముందు తిండి, ఆ తర్వాత మందులు, గుండె పరీక్షలు, చివర శిక్షణ. ఈ వరుసలోనే చూద్దాం.

మీ 82 కిలోల్లో కొవ్వు 22 శాతం ఉందనుకుందాం. అది తీసేస్తే సుమారు 64 కిలోలు. రెండు గంటల శిక్షణకు దాదాపు 1,000 కేలరీలు ఖర్చవుతాయి. మీరు తినే 2,200లోంచి అవి పోతే 1,200 మిగులుతాయి. గుండె, మెదడు, హార్మోన్లు, ఎముకల మరమ్మతు, నిద్ర అన్నీ వాటితోనే నడవాలి. 64తో భాగిస్తే కొవ్వు లేని ప్రతి కిలోకు 19 కేలరీలు కూడా రావడం లేదు. ఇది 45 దగ్గర ఉంటే శరీరం హాయిగా ఉంటుంది. రోజుల తరబడి 30 కంటే తగ్గితే ఒక్కొక్క పనికీ కోత పెట్టడం మొదలుపెడుతుంది. 30 అనే హద్దు ప్రధానంగా స్త్రీల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. మగవాళ్లలో అది కొంత తక్కువగా ఉండొచ్చు. అయినా 19 ఎవరికైనా తక్కువే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి ఈ స్థితిని రెడ్-ఎస్ అనే పేరుతో వివరిస్తోంది. చలి, నిద్ర పట్టకపోవడం, నీరసం, లైంగిక కోరికలు తగ్గడం, తరచూ జలుబు చేయడం, చిన్న గాయాలు కూడా మానకపోవడం దీని గుర్తులు. మీరు రాసిన వాటిలో మూడు ఇందులో ఉన్నాయి. అయితే రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా ఇలాగే ఉంటుంది. అందుకే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, విటమిన్ బి12, విటమిన్ డి, ఉదయం వేళ టెస్టోస్టెరాన్ చూపించుకోండి. ఫెర్రిటిన్ విడిగా అడిగి చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా శరీరంలో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు.

తిండిని ఒక్కసారిగా పెంచొద్దు. ప్రతి వారం రోజువారీ తిండిని 200–300 కేలరీల చొప్పున పెంచుతూ, రెండు గంటల శిక్షణ ఉన్న రోజుల్లో 3,300–3,800 దాకా వెళ్లండి. విశ్రాంతి రోజున అంత అక్కర్లేదు, 2,600 ప్రాంతంలో చాలు. బాగా బరువు తగ్గిన శరీరం, మొదటి నుంచీ అదే బరువున్న శరీరం కంటే కొంత తక్కువ ఖర్చు చేస్తుంది. కాబట్టి ఈ అంకెలను మొదలుపెట్టడానికి మాత్రమే వాడుకుని, నిద్ర, ఉత్సాహం, వారపు సగటు బరువు చూస్తూ సర్దుకోండి. పెంచిన తిండిలో ఎక్కువ భాగం శిక్షణకు ముందు, మధ్యలో, అయిన గంటలోపు పడాలి. ప్రొటీన్ కిలోకు 1.6 గ్రాముల చొప్పున మీకు రోజుకు 130 గ్రాములు కావాలి. అది ఒకే పూట కాకుండా నాలుగైదు సార్లు 25–30 గ్రాములుగా తీసుకోండి.

ఇక ఆ ఆరేడు కిలోల సంగతి. మొదటి నెల అసలు తగ్గే ప్రయత్నం చేయొద్దు. లక్షణాలు పోయాక రెండు నెలలపాటు, తేలిక శిక్షణ ఉన్న రోజుల్లో మాత్రమే 200–300 కేలరీలు తగ్గించి చూడొచ్చు. అలా రెండు కిలోలు తగ్గితే తగ్గుతారు. రేసుకు ముందు చివరి 12 వారాలు డైటింగ్ పూర్తిగా బంద్. మిగతా నాలుగైదు కిలోలు రేసు అయ్యాక చూసుకోండి. రెండు కిలోల తేడా పరుగులో కొన్ని నిమిషాలు ఆదా చేస్తుందేమో గానీ, ఒక్క స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) వస్తే రేసే ఉండదు.

కళ్లు తిరగడం వెనక మీ మాత్ర ఉండే అవకాశం ఎక్కువ. 114 కిలోలప్పుడు రాసిన డోసు అది. బరువు తగ్గితే బీపీ కూడా తగ్గుతుంది, మందు మాత్రం పాతదే. సైకిల్ తొక్కేటప్పుడు కాళ్ల రక్తనాళాలు బాగా విప్పారి ఉంటాయి. దిగి ఆగిపోగానే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. చెమటతో నీరు పోయి ఉండటానికి తోడు మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా పనిచేస్తోంది. ఇంట్లో ఒక వారం ఇలా చూడండి: ఉదయం ఐదు నిమిషాలు పడుకుని బీపీ కొలవండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ కొలవండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే డోసు మార్చాల్సిందే. ఆ కాగితం మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సొంతంగా మాత్ర ఆపొద్దు.

ఆయన్ను ఇంకో మాట కూడా అడగండి. హైడ్రోక్లోరోథయజైడ్ రకం మందులు సోడియాన్ని బయటికి పంపిస్తాయి. గంటల తరబడి చెమట కారుస్తూ నీళ్లు తాగే మనిషిలో రక్తంలోని సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. దాన్ని మార్చడానికి వీలుందేమో అడగండి. ముందుగా సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోండి. మార్చిన మందు ఏదైనా రేసుకు రెండు మూడు నెలల ముందే స్థిరపడాలి. డాక్టర్ బీటా బ్లాకర్ రాస్తే గుండె వేగం మామూలంతగా పెరగదు. అప్పుడు వాచీ చూపే హార్ట్ రేట్ జోన్లు మీకు పనికిరావు, మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలత.

డైక్లోఫెనాక్ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను: శిక్షణ రోజుల్లో, రేసు రోజున అస్సలు వద్దు. టెల్మిసార్టాన్, మూత్రం పెంచే మందు, ఈ నొప్పి మాత్ర, ఈ మూడూ నీరు తగ్గిపోయిన శరీరంలో కలిస్తే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ కూడా అదే కోవలోవి. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ డోసు మించకుండా. మాత్ర లేనిదే పరిగెత్తలేనంత నొప్పి ఉంటే దానికి కారణం వెతకాలి. మోకాలిచిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు వచ్చే నొప్పి అయితే తొడ, పిరుదు కండరాలు బలపడితే చాలావరకు తగ్గుతుంది. వారానికి రెండుసార్లు స్క్వాట్లు, స్టెప్ అప్‌లు, పిక్కల వ్యాయామం చేయండి. మోకాలి కింద ముందువైపు ఎముక మీద వేలితో చూపించగలిగినంత చోటే నొప్పి ఉండి, ఒంటికాలి మీద గెంతితే పెరుగుతుంటే పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి. బరువు బాగా తగ్గినవాళ్లలో ఎముక సాంద్రత కూడా కొంత తగ్గుతుంది. తక్కువ తిండి దానికి తోడైతే ఎముకలో సన్నటి పగుళ్లు రావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో అవి కనిపించకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తాయి.

గుండె పరీక్షలు తప్పనిసరి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయాథ్లాన్లను పరిశీలిస్తే, హఠాత్తుగా ప్రాణాపాయం ఎదుర్కొన్న 135 మందిలో 90 మందికి అది ఈత దశలోనే వచ్చింది. ఎక్కువమంది పురుషులు, వయసు 40 దాటినకొద్దీ ముప్పు పెరిగింది. లక్ష మందికి ఇద్దరి లోపే కాబట్టి భయపడక్కర్లేదు. కానీ మీ వయసు, పాత బరువు, బీపీ చూస్తే ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) చేయించుకోకుండా నీళ్లలో దిగొద్దు. వ్యాయామం మధ్యలో ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, స్పృహ తప్పినా, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపు హఠాత్తుగా మరణించినా అది కార్డియాలజిస్టుకు తప్పక చెప్పండి. టీఎంటీ మామూలుగా వచ్చినా ఆ లక్షణాలను కొట్టిపారేయకూడదు.

ఈతలో బీపీ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సమస్య మరొకటి ఉంది. చల్లటి నీళ్లు, ఛాతీని బిగించే వెట్‌సూట్ (ఈతకు వేసుకునే రబ్బరు సూట్), రేసుకు ముందు అతిగా తాగిన నీళ్లు, ఆత్రుత, ఇవన్నీ కలిసి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. మామూలు అలసటకు మించిన ఆయాసం, ఆగని దగ్గు, నురుగు లేదా గులాబీ రంగు కఫం వస్తే వెంటనే వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తండి. బోటు వాళ్లు వస్తారు. ‘ఇంకో రెండు వందల మీటర్లేగా’ అనుకోవద్దు. పూల్‌లో 2 కిలోమీటర్లు ఈదగలగడం వేరు, అడుగు కనిపించని నీళ్లలో పదిమంది మధ్య ఈదడం వేరు. కనీసం ఆరేడుసార్లు లైఫ్‌గార్డ్ ఉన్నచోట, తోడుతో, చెరువు, సముద్రం లాంటి బయటి నీళ్లలో ఈదండి. రేసు రోజున పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, గుంపు పక్కన నిలబడి, మొదటి 200 మీటర్లు కావాలనే నెమ్మదిగా వెళ్లండి.

శిక్షణ వారానికి ఆరు గంటలతో మొదలై తొమ్మిది పది గంటలకు చేరితే చాలు. అందులో ఎక్కువ భాగం పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. పొడవైన రైడ్ మూడున్నర గంటలకు, పొడవైన పరుగు రెండు గంటల లోపుకు చేరాలి. వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే 15–30 నిమిషాలు పరిగెత్తండి. పొట్ట తగ్గాక సైకిల్ మీద కూర్చునే తీరు మారుతుంది. పాత సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం ఇప్పుడు మీకు సరిపోకపోవచ్చు. మోకాలి నొప్పికి అదీ ఒక కారణం కావొచ్చు కాబట్టి బైక్ ఫిట్టింగ్ మళ్లీ చేయించండి. వదులైన చర్మం ఉన్నచోట, అంటే పొత్తికడుపు మడత, తొడల మధ్య, చంకల్లో ఒరుసుకుని పుండ్లు పడతాయి. బిగుతైన ట్రై సూట్ వేసుకుని, రాపిడి తగ్గించే క్రీమ్ పరుగుకు ముందు మళ్లీ రాసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బరువు తగ్గినవాళ్లను పరుగులో బాగా ఇబ్బంది పెట్టేది ఇదే.

రేసులో తిండికి కూడా శిక్షణ కావాలి. సైకిల్ మీద గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లక్ష్యం. ఒక ఎనర్జీ జెల్ ప్యాకెట్‌లో సాధారణంగా 22–25 గ్రాములు, 6 శాతం డ్రింక్ 600 మిల్లీలీటర్లలో 36 గ్రాములు ఉంటాయి. గంటకు ఇవి రెండూ చాలు. రెండేళ్లుగా చక్కెరను దూరం పెట్టారు కాబట్టి మీ పేగులకు ఇంత పీల్చుకునే అలవాటు లేదు. గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి 10 గ్రాములు పెంచండి. జెల్‌ను మామూలు నీళ్లతో తీసుకోండి. చిక్కటి డ్రింక్‌తో కలిపితే పేగుల్లోకి నీరు లాగేసి కడుపునొప్పి, వాంతులు వస్తాయి. మొదటి జెల్ సైకిలెక్కిన 20 నిమిషాలకే తీసుకోండి, ఆకలేసేదాకా ఆగొద్దు.

నీళ్లకు కొలత మీ చెమటే. గంట రైడ్‌కు ముందూ వెనకా తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. 0.9 కిలో తగ్గి, మధ్యలో 500 మిల్లీలీటర్లు తాగి ఉంటే గంటకు 1.4 లీటర్ల చెమట పోతున్నట్టు. దాన్లో మూడింట రెండొంతులు, దాదాపు 900 మిల్లీలీటర్లు తాగితే చాలు. లీటరుకు 500–700 మిల్లీగ్రాముల సోడియం ఉండేలా చూసుకోండి. చెమట కంటే ఎక్కువ మాత్రం ఎప్పుడూ తాగొద్దు. రేసు మధ్యలో తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తికమక మొదలైతే అది నీళ్లు ఎక్కువైన గుర్తు కావొచ్చు. అప్పుడు ఇంకా నీళ్లు తాగకుండా మెడికల్ టెంట్‌కు వెళ్లండి.

రేసుకు ముందు రెండు రోజులు కిలోకు 8 గ్రాముల చొప్పున రోజుకు 650 గ్రాముల కార్బోహైడ్రేట్ తినాలి. కాటా మీద ఒకటి రెండు కిలోలు పెరిగి కనిపిస్తుంది. అది కొవ్వు కాదు. కండరాల్లో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ బరువు చూసి కంగారుపడి తిండి మానేస్తే 60వ కిలోమీటరు దగ్గరే కాళ్లు ఖాళీ అవుతాయి. ఆ వారం కాటా ఎక్కకపోవడమే మంచిది. చాలా రేసుల్లో మొత్తానికి ఎనిమిదిన్నర గంటల గడువు ఉంటుంది. సైకిల్ మీద తొందరపడకుండా, పరుగులో మొదటి నుంచే తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పాటిస్తే గడువులోపు హాయిగా పూర్తి చేయొచ్చు.

రేసు అయ్యాక మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, అసలు రాకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, అది కండరాలు కరిగి మూత్రపిండాలకు అడ్డుపడుతున్న లక్షణం కావొచ్చు. మూడు నాలుగు వారాలు శిక్షణ బాగా తగ్గుతుంది గానీ ఆకలి అంత త్వరగా తగ్గదు. జెల్లులు, డ్రింకులు రేసు రోజుతోనే ఆపేసి, మిగతా తిండిని రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించుకుంటూ రండి. ఆ నాలుగైదు కిలోల పని అప్పుడు మొదలుపెట్టండి, బీపీ డోసు కూడా అప్పుడు మరోసారి చూపించుకోండి.