ఐపీ పెట్టే ముందు ఒక్క ఫోన్ చెయ్యి

నాన్నా,

"ఐపీ పెట్టేస్తే పీడా పోతుంది పెదనాన్నా" అన్నావు. ఆ మాటకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలో చాప్టర్ 7, అంటే అక్కడి దివాలా పిటిషన్, వేస్తే క్రెడిట్ రిపోర్టులో పదేళ్లదాకా ఉంటుంది. పైగా 2005 దివాలా చట్టం ప్రకారం, ఫైల్ చేసే ముందు 180 రోజుల్లోపు క్రెడిట్ కౌన్సెలింగ్, అంటే నీ జమాఖర్చులు చూసి అప్పుల మీద ఇచ్చే సలహా, తీసుకుని తీరాలి. ఎలాగూ తప్పనిది, వాయిదాలు తప్పకముందే తీసుకో.

ఇలాంటి సలహా ఇచ్చే సంస్థలకు ఎన్‌ఎఫ్‌సీసీ (నేషనల్ ఫౌండేషన్ ఫర్ క్రెడిట్ కౌన్సెలింగ్) అని 1951 నుంచీ ఉన్న సంఘం ఉంది. అందులో సభ్యులైన సంస్థలు లాభాపేక్ష లేనివి. మొదటిసారి మాట్లాడటానికి మామూలుగా డబ్బు అడగరు. పే స్టబ్ (జీతం చీటీ), కార్డుల స్టేట్‌మెంట్లు, అద్దె, డేకేర్, కిరాణా లెక్కలు ముందేసుకుని ఫోన్ చెయ్యి. మనవాళ్లకు తోడు వెళ్లినప్పుడు గమనించాను, అన్నీ చెప్పి రెండు దాచేస్తారు: ఇంటికి పంపే డబ్బు, స్నేహితుల దగ్గర తెచ్చిన చేబదులు. నెలకు ఆరొందల డాలర్లు మిగులుతున్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. అమ్మానాన్నలకు పంపే నాలుగొందలు అందులో ఉండవు. ఆ ఆరొందలను నమ్మి వేసిన ప్లాన్ ఎన్నాళ్లు నిలుస్తుంది? మీ నాన్న మందుల ఖర్చు చెప్పడానికి సిగ్గెందుకురా? దాన్ని మొదటి వరసలో రాయించు.

లెక్క కుదిరితే డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటారు. ఆ కౌన్సెలింగ్ సంస్థవాళ్లే కార్డు కంపెనీలతో మాట్లాడి వడ్డీ తగ్గింపిస్తారు. నెలకు ఒకే మొత్తం నువ్వు వాళ్లకు కడితే వాళ్లు అందరికీ సర్దుతారు. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. తీసుకున్న అసలు సొమ్ము తగ్గదు, కార్డులు మూసేస్తారు, నెలనెలా కొద్దిగా ఫీజు ఉంటుంది. ఇంటి లోను, కారు లోను ఇందులోకి రావు. కంపెనీలు ఒప్పుకున్నట్టు రూఢి అయ్యేదాకా మాత్రం ఇప్పుడు కడుతున్నవి ఆపకు.

"బాకీ సగానికి తెగ్గొడతాం, కార్డులు కట్టడం మానెయ్" అనే సెటిల్‌మెంట్ కంపెనీల జోలికి వెళ్లొద్దు. మానేస్తే లేటు ఫీజులూ, కోర్టు దావాలూ నీ మీదికే వస్తాయి. మాఫీ అయిన సొమ్మును ఐఆర్‌ఎస్ (అక్కడి పన్నుల శాఖ) నీ ఆదాయంగా లెక్కేసి పన్ను కట్టమనొచ్చు. బాకీ ఒక్కటీ తీర్చకుండానే ఫోన్‌లో ఫీజు అడిగారా, ఆ ఫోన్ కట్ చేసెయ్. వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2010లోనే దాన్ని నిషేధించింది.

అన్నీ చూశాక ఐదేళ్లకూ తీరదని కౌన్సెలర్ చెబితే అప్పుడు లాయరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. అందులో తలవంపులేం లేవు.

ఫోన్ చేసేటప్పుడు కోడలు పక్కనే ఉండాలి. ఇంటి ఖర్చు నీకన్నా ఆ పిల్లకే బాగా తెలుసు. ఈ రాత్రికే స్టేట్‌మెంట్లన్నీ తనకు చూపించు.

మీ పెదనాన్న