అడవిలో పడక ఎక్కడ?

ప్రశ్న: డిసెంబరులో మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కి, దారిలో రెండు రాత్రులు ఉండాలని నలుగురం అనుకుంటున్నాం. గెడ్డ (కొండవాగు) ఒడ్డున ఇసుక మెత్తగా ఉంటుంది, నీళ్లూ దగ్గర. అక్కడ టెంటు వేయొచ్చా? నెగడు ఉంటే ఎలుగుబంట్లు రావు కదా? (పలాస పాఠకుడు)

జవాబు: ముందు అనుమతుల సంగతి. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. మన రేంజి ఆఫీసులో అడిగితే సరిపోదు, అవతలి వాళ్లనీ అడగాలి. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా నిప్పు రాజేస్తే కేసు పెడతారు, కాబట్టి నెగడు మీద ఆశ వదులుకోండి.

ఇసుక అంత మెత్తగా పరుచుకుందంటే గెడ్డ అక్కడిదాకా పొంగి వెళ్లిందనే. మీ నెత్తిన చినుకు పడకపోయినా పైన కొండల్లో కురిస్తే చాలు. డిసెంబరు తుపాన్లు మనకు కొత్తా? ఒడ్డు పొదల్లో చిక్కుకున్న ఎండుటాకులు, పుల్లలు ఏ ఎత్తులో వేలాడుతున్నాయో చూడండి. కిందటి వరద గీత అదే. దానికి ఇంకో రెండు నిలువుల పైన, నీటికి రెండొందల అడుగుల దూరంలో పడక వేయండి. రాత్రి జంతువులు నీళ్లకు దిగేదీ ఆ ఒడ్డుకే. చలిగాలి వచ్చి నిలిచేదీ ఆ పల్లంలోనే.

ఎలుగుకి చూపు మందం, ముక్కు చురుకు. గాలి మీవైపు వీస్తుంటే మీ వాసన దానికి అందదు. మలుపులో ఒక్కసారిగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అందుకే మాట్లాడుకుంటూ నడవాలి, చీకట్లో నడవకూడదు. దారి పక్క పుట్ట తవ్వి ఉంటే వంగి చూడండి. గోళ్ల గీతలు పచ్చిగా ఉండి, చెదలు ఇంకా కంగారుగా తిరుగుతుంటే అది అప్పుడే వెళ్లిందన్నమాట. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. ఎండుచేపలు, బెల్లం టెంటులో పెట్టుకుని పడుకోవద్దు. చెట్టుకి కట్టినా ఎక్కేస్తుంది, దూరంగా ఉంచడమే మేలు.

ప్రశ్న: టెంటుకి చిల్లు లేదు, వాన పడలేదు. అయినా తెల్లారేసరికి దుప్పట్లు తడిసిపోతున్నాయి. ఎందుకు? (విజయనగరం పాఠకురాలు)

జవాబు: మీ ఊపిరే. చలికి జిప్పులన్నీ బిగిస్తే ఆవిరి బయటికి పోలేక చల్లటి గుడ్డకి పట్టి కారుతుంది. రెండు చివరలా జానెడు తెరిచి, దోమల వల మాత్రం మూసి ఉంచండి. తడిబట్టలు లోపల ఆరేయకండి. నైలాన్ మంచుకి తడిసి సాగుతుంది, పైగుడ్డ లోగుడ్డకి అంటుకుంటుంది. పడుకునే ముందు తాళ్లు మరోసారి బిగించాలి. బయలు కంటే చెట్టు నీడన మంచు తక్కువ, కాకపోతే పైన ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూసుకోండి. చలికి రెండో దుప్పటి కప్పుకోవడం కన్నా కింద అరంగుళం ఫోమ్ చాప వేయడం నయం, ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది.

ప్రశ్న: గెడ్డ నీళ్లకి క్లోరిన్ బిళ్ల చాలా? (పాలకొండ పాఠకుడు)

జవాబు: నీళ్లు తేటగా ఉంటే చాలు. నాలుగు మడతల పంచెలో వడకట్టి, అట్ట మీద రాసిన లెక్క ప్రకారం వేసి, అరగంట ఆగి తాగండి. బురద నీళ్లలో క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. వాటిని తేర్చి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరిగించండి. ఒక మాట మీరు అడగలేదు గానీ చెప్పాలి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోండి. చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని నల్లటి చెక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగులు కుట్టి వచ్చే జ్వరం) కావచ్చు. అడవిలో పడుకున్న సంగతి డాక్టరుకి మీరే ముందు చెప్పండి.