హార్డ్‌బాల్ ఆడేవాళ్ళతో బేరం

అమ్మలూ,

జీతం దగ్గర రిక్రూటర్ బిగుసుకు కూర్చున్నాడనీ, నీ రూమ్మేటు "వాళ్ళు హార్డ్‌బాల్ ఆడుతున్నారు" అందనీ రాశావు. అంటే మోసమా అని అడిగావు. మోసం కాదే పిచ్చిదానా, పట్టు సడలించకుండా కటువుగా బేరమాడడం. నేను అమెరికా వచ్చిన కొత్తలో మా మేనేజరు ఫోను పెట్టేసి ఇదే మాటంటే, ఎవరో ఆటకి వెళ్ళారనుకుని "ఎన్నింటికొస్తారు?" అన్నాను. గది గదంతా నవ్వింది.

హార్డ్‌బాల్ అంటే బేస్‌బాలే. మొదట్లో దానికా పేరుతో పని లేదు. 1887లో షికాగోలో, థాంక్స్‌గివింగ్ రోజున, ఓ బోట్ క్లబ్బులో ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్ళు బాక్సింగ్ గ్లవ్ విసురుకుంటూ కర్రతో కొట్టారు. జార్జ్ హాన్కాక్ అనే ఆయన ఆ గ్లవ్‌నే బంతిలా బిగించి కట్టాడు. ఆ ఆటే పోనుపోను సాఫ్ట్‌బాల్ అయింది. మెత్తబంతి వచ్చాక పాతది గట్టిబంతి అయింది. మన ఊళ్ళో టెన్నిస్ బంతి వచ్చాక 'కార్క్ బంతి మ్యాచ్' అని విడిగా చెప్పాల్సొచ్చినట్టు. (ఇప్పటి సాఫ్ట్‌బాల్ మెత్తగానూ ఉండదు, బరువూ బేస్‌బాల్ కంటే ఎక్కువే. పేరు మాత్రం మిగిలింది.)

ఎప్పుడైనా బేస్‌బాల్ చేత్తో పట్టుకుని చూడు. సుమారు 145 గ్రాములు, పైన తోలు, బొటనవేలికి గరుగ్గా తగిలే ఎర్రదారం కుట్లు. 1920లో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకి అది తగిలి మర్నాడే పోయాడు. అప్పటికి హెల్మెట్లు లేవు. దయాదాక్షిణ్యం లేని బేరానికి ఆ మాట ఊరికే అతకలేదు. మన 'ముక్కుపిండి' దీనికి దగ్గరే కానీ, ముక్కు పిండేది బాకీ దగ్గర.

ఇక నీ సంగతి. ఆ మాట అతని ముఖాన అనకు, నింద వేసినట్టుంటుంది. జీతం కదలకపోతే జాయినింగ్ బోనస్ అడుగు, గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడతారో రాసిమ్మను. "రేపటికల్లా చెప్పు" అంటే శుక్రవారం దాకా గడువడుగు. చేతిలో లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకు. ఒకసారి నేనలాగే కోస్తే, అవతలాయన చల్లగా "అయితే అందులోనే చేరండి" అన్నాడు. మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాను, మీ అత్తయ్యకి ఇప్పటికీ పూర్తి కథ తెలీదు.

సంతకం పెట్టేముందు కాగితం నాకు పంపు. శనివారం పొద్దున ఇంట్లోనే ఉంటా.

మీ మామయ్య