ముందు వేలు పెట్టి చూడు

చి. అమ్మలుకి,

బరంపురం నుంచి అత్తయ్య ఆశీస్సులు. రాయగడ క్వార్టర్‌లోకి మారగానే ఆరు కుండీలు కొన్నావు, నెల తిరక్కుండా రెండు పోయాయన్నావు. ఫొటో చూశాను. ఆ మనీప్లాంట్ ఎండి చావలేదే, నీళ్లెక్కువై చచ్చింది. ఆకులు పసుపెక్కి మెత్తబడ్డాయి, మట్టేమో ఇంకా నల్లగా తడిగానే ఉంది. నేనూ కొత్తలో రోజూ పొద్దున్నే చెంబుతో పోసేదాన్ని. ఇక్కడి నర్సరీ ముసలాయన నన్ను చూస్తే చాలు, "పాణి కమ్ దియ" అనేవాడు. నీళ్లు తగ్గించమ్మా అని. నాకు ఒళ్లు మండేది.

రోజుల లెక్క పెట్టుకోకు. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడు. పొడిగా తగిలితేనే పొయ్యి. పోసేటప్పుడు మాత్రం అడుగు కన్నంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబొయ్యి. మొక్క వేళ్లకీ గాలాడాలి, మట్టంతా నీళ్లే ఉంటే కుళ్లిపోతాయి.

ఉగాది నుంచి జూన్ నడుమ వచ్చే మా ఒడిశా రజ పండగ దాకా రెండు మూడు రోజులకోసారి పట్టొచ్చు. పడమటి కిటికీ ఎండ నుంచి కుండీలు కాస్త జరుపు. రజ వెళ్లి వానలు పట్టాక గదిలో గాలే తడిగా ఉంటుంది, వారానికోసారి కూడా అక్కర్లేకపోవచ్చు. మట్టి మీద సన్నటి నల్ల దోమలు లేస్తున్నాయంటే పైపొర ఆరనివ్వడం లేదన్నమాట. కణుపుల్లో తెల్లటి దూదిలాంటి పిండినల్లి కనబడితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లు. వారానికోసారి, మూడు వారాలు.

దసరా నుంచి పిట్టగోడ మీద ఏ కుండీ ఉంచకు. మీకు సముద్రం దూరమే అనుకో, గాలివానకి ఆ పట్టింపు లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా పిట్టగోడ మీద ఒక్కటీ మిగల్లేదు. తెల్లారి చూస్తే కలబంద కుండీ పక్కింటి రేకుల మీద ఉంది. వాళ్లకి రేకు డబ్బులు కూడా ఇచ్చుకున్నాం.

చలికాలం మీ దగ్గర మాకంటే గట్టిది. కలబందకీ స్నేక్ ప్లాంట్‌కీ మూడు వారాలకోసారి చాలు. ఎరువు ఆపెయ్యి, మళ్లీ ఫిబ్రవరిలో గుప్పెడు వర్మీకంపోస్టు వేద్దువుగాని. కుండీ మార్చడం కూడా అప్పుడే, రెండంగుళాలు పెద్దది చాలు.

బుడ్డాడు పాకుతున్నాడు కదా, మనీప్లాంట్ ఆకు నమిలితే నోరు మండి వాచిపోతుంది. అందనంత పైన వేలాడదియ్యి. తులసి ఇంట్లో బతకదు, బాల్కనీలో ఎండకి పెట్టు.

చచ్చిందన్న తీగ ఇంకా పారెయ్యకపోతే, గట్టిగా పచ్చగా ఉన్న కణుపు ఎక్కడైనా మిగిలిందేమో చూడు. ఉంటే దాని కింద కోసి సీసా నీళ్లలో పెట్టు, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చు. లేకపోతే దసరాకి నేనే కొమ్మ పట్టుకొస్తాను.

మీ అత్తయ్య